వెనక సీటు

సంగటి ముద్దలు కారియర్‌లో పెట్టి, ఊరిబిండి పచ్చడి వేరే గిన్నెలో సర్ది, చేతులు కడుక్కుని హులిగెమ్మ పెట్రోలు వడపోయడానికి పోయింది.

మెత్తని తోలుగుడ్డను గరాటు మీద పరిచి డబ్బాలోంచి నిదానంగా పోయాలి. తొందరపడితే నలుసు దిగుతుంది, నీటిచుక్క దిగుతుంది. ఇంట్లో మజ్జిగలో నలుసు కనిపిస్తే అత్తగారు సిద్దమ్మ ఒక మాట అంటుంది, అంతటితో సరిపోతుంది. విమానం పెట్రోలులో నీటిచుక్క దిగితే మాట అనడానికీ పడడానికీ ఎవరూ మిగలరు. కడప ఊరి బయట, రాయచోటి దారి పక్కన, చెనిక్కాయ చేను చదును చేయించి విమానం కోసం వదిలిన ఆ మైదానంలో ఈ సంగతి బాగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. పక్కన డబ్బా పట్టుకుని నిలబడ్డ మారెన్నకు కొంత తెలుసు. ఇంటి జీపు తోలేదీ, విమానం ముందరి పంకా చేత్తో తిప్పి ఇంజను లేపేదీ మారెన్నే.

భర్త పుల్లయ్య వేపపుల్ల నములుతూ వచ్చి విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. సంతలో ఎద్దు చుట్టూ తిరిగినట్టు దాని చుట్టూ తిరగడం ఆయనకు అలవాటు.

“ఊరిబిండి పెట్టినావా?”

“పెట్టినా.”

“కొరుక్కునేకి ఎర్రగడ్డ?”

“పెట్టినా.”

“ఇదే కడాసారి మే. ఈ పొద్దు శ్రీహరికోట దీవికి పోయొస్తానే దీని రెక్కలు ఊడదీపిస్తా. విమానాన్ని లారీ మింద పెట్టి ఊరూరా తిప్పితే ఓట్లు వాటంతట అవే పడతాయని మన పార్టీ దేవేంద్రప్ప చెప్పినాడు. రెక్కలుంటే సందుల్లో పట్టదంట.”

మారెన్న చేతిలో డబ్బా కదిలింది. హులిగెమ్మ చెయ్యి కదల్లేదు. ధార సన్నగా, ఎప్పటిలాగే పడుతోంది.

“ఓట్లయినాక మల్ల బిగిస్తారా?” అని అడిగింది.

“యాల బిగించేది? ఎమ్మెల్యే అయినాక దీంతో ఏం పని నాకు? నీకు గూడా ఇంట్లో పని శానా ఉండాది.”

వేపపుల్ల ఉమ్మేసి, నోరు పుక్కిలించడానికి నీళ్ళు తెమ్మన్నాడు. ఆమె డబ్బా మూత బిగించి నీళ్ళు తెచ్చింది.

పుల్లయ్యవి ముగ్గురాయి గనులు. నేల తవ్వితే తెల్లరాయి, రాయి అమ్మితే డబ్బు. డబ్బు వచ్చిన మనిషికి తర్వాత కావలసింది పేరు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూల్లో గుడారాల కింద కచేరీలు నడుస్తున్న రోజులు. గని పని మీద పోయి పుల్లయ్య ఒక గుడారం ముందు పొద్దంతా నిలబడితే ఒక్క గుమాస్తా కూడా తలెత్తి చూడలేదు. అంతలో మద్రాసు షావుకారు ఎవరో చిన్న విమానంలో వచ్చి దిగితే గుమాస్తాలు, జవాన్లు, పెద్ద దొరలు అందరూ గుడారాలు వదిలిపెట్టి పరుగులు తీశారు. అప్పుడు పుల్లయ్య మనసులో పడ్డ పురుగు మళ్ళీ బయటికి రాలేదు. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకుంటున్న రెండు సీట్ల బుడ్డ విమానం ఒకటి బేరం చేశాడు. అందుకు అమ్మింది మాత్రం హులిగెమ్మ పుట్టింటివాళ్ళు ఆలూరు దగ్గర పసుపుకుంకుమల కింద ఇచ్చిన పత్తిచేనును. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఊరికే పుట్టలేదు.

నడపడం నేర్చుకోవాలంటే మద్రాసులో ఉండాలి. మద్రాసు హోటలు సాంబారు పుల్లయ్య ఒంటికి పడదు. కాబట్టి వండి పెట్టడానికి పెళ్ళాన్ని వెంట తీసుకుపోయాడు. ఆమె పొద్దున్నే సంగటి కెలికి, కారియర్ పట్టుకుని విమానాల మైదానానికి పోయి, కంచె పక్కన నీడలో కూర్చునేది. ఆయన చదువు సంతకం దాకా. ఈమె ఆదోనిలో మిషన్ బడిలో పదో తరగతి దాటింది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కనుక బసలో చదివి చెప్పడం కూడా ఆమె పనే అయింది. గాలికి ఎదురుగా ఎందుకు దిగాలో, ముక్కు మరీ పైకెత్తితే విమానం ఎందుకు కూలబడుతుందో ఆమె చపాతీలు ఒత్తుతూ చెప్పేది, ఆయన “ఊఁ, ఊఁ” అంటూ నిద్రపోయేవాడు. మర్నాడు మైదానంలో విమానం దించమంటే నేల ఇంకా కింద ఉండగానే ముక్కు లేపే కర్ర లాగేసేవాడు. విమానం ఆకాశంలో ఒక్క క్షణం ఆలోచించి దభీమని పడేది. చక్రాలు బాగలేవన్నాడు, గాలి బాగలేదన్నాడు, కడాకు నేర్పేవాడే బాగలేడన్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

నేర్పేవాడు దావీదురాజు, కర్నూలు మనిషే. మాట పొదుపు, చూపు పదును. ఒకరోజు పుల్లయ్యను ఏదో అడిగితే ఆయన తడుముకుంటుంటే, కంచె పక్కనుంచి జవాబు వచ్చింది. అనుకోకుండా నోరు జారింది హులిగెమ్మకు. దావీదురాజు అటు తిరిగి చూసి, “అమ్మా, ఆ కారియర్ కింద పెట్టి ఇట్ల రా,” అన్నాడు. పుల్లయ్య నవ్వి, “ఎక్కించప్పా, భయపడి ఏడుస్తాది, రొంత నవ్వుకోవచ్చు,” అన్నాడు. ఆమె ఏడవలేదు. కొన్ని వారాలకు దావీదురాజు ముందు సీట్లోంచి దిగిపోయి, “ఇంక నువ్వే పోయిరా,” అన్నప్పుడు కూడా ఏడవలేదు. పైకి పోయాక మాత్రం ఏడ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆమె చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, ఏదో ఒకటి అడుగుతూ. నీళ్ళు, ఉప్పు, తువ్వాలు, తాళంచెవి. అక్కడ అడిగేవాళ్ళు లేరు. సంతోషానికి ఏడుపు వస్తుందని పాటల్లో విని నమ్మలేదు, ఆ పొద్దు నమ్మింది.

లైసెన్సు ఆమెకు వచ్చింది, పుల్లయ్యకు రాలేదు. “మాకు లైసెన్సు వచ్చింది,” అని ఆయన కడపకు కబురు పంపాడు. అబద్ధం కాదు కదా.

ఇప్పుడు ఆ విమానం సంగతి ఒకటి చెప్పాలి. దానిలో సీట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. నడిపే మనిషి కూర్చునేది వెనక సీట్లో. ఒంటరిగా ఎగిరినా వెనకే కూర్చోవాలి, లేకపోతే బరువు తప్పి ముక్కు నేలకు దిగుతుంది. ముందు సీటు వెంట వచ్చేవాళ్ళది. రెండు సీట్ల మధ్య మాట వినపడడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. మద్రాసులో ఇది పిల్లవాడికి కూడా తెలుసు. కడప జిల్లాలో తెలిసిన బండి ఎద్దులబండి. ఎద్దులబండిలో తోలే మగవాడు ముందు, పెళ్ళాం పిల్లలు వెనక. మొదటిసారి విమానం కడప చేలో దిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. ముందు సీట్లో పుల్లయ్య మీసం తిప్పుతూ కనిపించాడు. వెనక సీట్లో ఆడమనిషి కనిపించింది. ఇంకెవరినీ అడగాల్సిన పని ఎవరికీ కనిపించలేదు. జనం పుల్లయ్యను భుజాల మీద ఎత్తుకున్నారు. హులిగెమ్మ తనే దిగి, కారియర్ తీసుకుని, గుంపు పలచబడే దాకా రెక్క నీడలో నిలబడింది. ఇప్పుడు చెప్తాడు, ఇంకో దండ పడ్డాక చెప్తాడు అని చూసింది. చెప్పలేదు. ఆనాటి నుంచి ఆయన విమానం పుల్లయ్య అయిపోయాడు.

ఇంటికి పోయాక అడిగింది. “నడిపింది నేనని ఒక మాట అనకపోతివే?”

“అంటే ఏమొస్తాది? పెండ్లాం తోల్తాంటే మొగుడు కూచ్చున్నాడంటారు. నా పరువు పోతే నీది పోయినట్ల కాదా?” అన్నాడు, అన్నం కలుపుకుంటూ. ఆ మాటకు జవాబు ఆమె దగ్గర ఉంది. ఆయన పెరుగు అడిగాడు, లేచి తెచ్చేసరికి ఆ జవాబు చెప్పే వేళ దాటిపోయింది. అట్లా దాటిపోయిన జవాబులు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. ఒంటరిగా ఎగరడం కూడా అట్లానే పోయింది. ముందు సీట్లో తను లేకుండా విమానం లేస్తే జనం మొగుడేడని అడుగుతారని పుల్లయ్య ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

సిద్దమ్మ కూడా కొడుకే నడుపుతున్నాడని నమ్మింది. కోడలు తోలుటోపీ, కళ్ళద్దాలు పెట్టుకోవడం చూసి, “ఎనకాల కూచ్చునేదానికి ఇంత సింగారమేలమ్మే?” అనేది. “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట,” అని పక్కింటామెతో కోడలు వినేలా అనేది. హులిగెమ్మ ఆలూరు యాసలో దుడ్లు అంటే, “దుడ్లంట దుడ్లు, డబ్బులనేకి నోరు రాదు,” అని నవ్వేది. సిద్దమ్మ చెడ్డ మనిషి కాదు. తను కాపురానికి వచ్చినప్పుడు తన అత్త అన్న మాటలు దాచిపెట్టుకుని, కోడలికి అందిస్తోంది, అంతే. తన మాటలు అందుకునే మనిషి ఇంట్లో ఇంకెవరున్నారు పాపం.

ఎన్నికలు వచ్చే నెల. పార్టీ పెద్ద దేవేంద్రప్పకు ఎవరి పేరు ఎక్కువ మోగితే వాళ్ళకు సీటు ఇవ్వడం అలవాటు. పుల్లయ్య ఒక ఉపాయం ఆలోచించాడు. సముద్రం ఒడ్డున శ్రీహరికోట దీవి ఉంది, పెద్ద అడవి. మద్రాసు పొయ్యిలకు కట్టెలు అక్కడినుంచే పోతాయి. ఆ కట్టెలు కొట్టే కూపుకు వేలం పాట పాడితే లాభం, విమానంలో పోయి చూసి వస్తే పేరు. కడప జిల్లా నుంచి ఎగిరి సముద్రపు దీవిలో దిగిన మొనగాడు అని దేవేంద్రప్ప సాయంత్రానికి సన్మానం ఏర్పాటు చేశాడు. తప్పెట్లు మాట్లాడారు, దండలు చెప్పారు, లారీ కూడా మాట్లాడారు.

పుష్యమాసపు చలిలో విమానం లేచింది. పాలకొండలు దాటింది, రాజంపేట దాటింది. హులిగెమ్మ మోకాళ్ళ మధ్య కర్ర, చెవిలో గొట్టం, గొట్టంలో పుల్లయ్య.

“ఎత్తుకో.”

“ఊఁ.”

“శానా ఎత్తినావు. దించు.”

“ఊఁ.”

“కుడికి పో. కుడికంటే నా కుడికి.”

ఇద్దరూ ఒకే దిక్కుకు తిరిగి కూర్చుంటే ఆయన కుడి వేరెట్లా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు. ఎత్తమన్నప్పుడు ఎత్తలేదు, దించమన్నప్పుడు దించలేదు, ఆయనకు తేడా తెలియలేదు. వెలిగొండలు వెనకపడ్డాయి, వెంకటగిరి చెరువులు మెరిశాయి. సూళ్ళూరుపేట దగ్గర రైలుపట్టాలు దాటాక నేల అయిపోయింది. ముందు సరస్సు, దాని నిండా తెల్లటి కొంగలు. ఆ తర్వాత పచ్చగా, పొడుగ్గా దీవి. దీవికి ఆవల సముద్రం.

ఆమె సముద్రాన్ని మద్రాసులో ఒడ్డునుంచి చూసింది, పక్కన మొగుడు వేరుశనగలు తింటూ టైమయిందని తొందరపెడుతుండగా. పైనుంచి చూడడం ఇదే మొదలు. ఆలూరులో చిన్నప్పుడు ఆడపిల్లలంతా బిందెకు వరసలో నిలబడేవాళ్ళు, బావిలో అడుగున ఉన్న మురికినీళ్ళకు పెద్దవాళ్ళు తన్నుకునేవాళ్ళు. ఇక్కడ ఇన్ని నీళ్ళు కాపలా లేకుండా, ఎవరి పేరూ లేకుండా పడి ఉన్నాయి. ఉప్పువే కావచ్చు. అయినా ఆమె తనివితీరా చూసింది. ఈ పొద్దు దాటితే ఈ విమానం రెక్కలు విప్పి తాళ్ళతో కట్టేస్తారు. ఈ చూపు ఇంక ఉండదు. రెక్కలు ఊడదీయడం ఇంత తేలికగా ఎట్లా అనగలిగాడు? సున్నం కొట్టేటప్పుడు తలుపులు తీసి పక్కన పెట్టమన్నట్టు అన్నాడు. ఆమెకు దుఃఖం వచ్చింది, దాని వెంటే కోపం వచ్చింది. కోపం నయం, దానితో పని జరుగుతుంది.

“ఆ చెట్ల పక్కన తెల్లగా చదునుగా ఉండాది చూడు. ఆడ దించు,” అంది గొట్టం.

తెల్లగా ఉన్నది ఎండిన ఇసుక. పెన్నలో ఎండిన ఇసుకలో బండి దిగబడితే రెండు జతల ఎద్దులు కావాలి. తడి ఇసుక మీద అదే బండి గడగడా పోతుంది. ఇది పుల్లయ్యకు కూడా తెలుసు, చిన్నప్పటినుంచీ తెలుసు. విమానం ఎక్కాక బండి సంగతులు మరిచిపోయాడు. ఆమె అలల అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక చూసుకుంది. ఒకసారి కిందుగా పోయి చూసి, మళ్ళీ ఎత్తుకుంది.

“చెట్ల పక్కన అంటాంటే నీకు—”

ఆమె చెవినుంచి గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది. గాలి, ఇంజను, అలలు. ఎంత బాగుందో. చక్రాలు తడి ఇసుకను తాకింది కూడా తెలియలేదు.

ఒడ్డున అడవి శాఖ గార్డు పడవ వేసుకుని వచ్చి కాచుకుని ఉన్నాడు. పుల్లయ్య దిగుతూనే, “చూస్తివా, ఎట్ల దించినానో,” అన్నాడు అతనితో. గార్డు నమస్కారం పెట్టాడు. ఇద్దరూ చెట్లు చూడడానికి అడవిలోకి పోయారు. హులిగెమ్మను విమానం దగ్గర కూర్చోమన్నాడు, కాకులు కారియర్ మీద వాలకుండా చూసుకోమన్నాడు.

ఆమె కారియర్ మూత గట్టిగా బిగించి దీవి చూడడానికి బయలుదేరింది. ఎవరినీ అడగకుండా కాలు ఎటు తీస్తే అటు పోవడం ఎట్లా ఉంటుందో చాలా ఏళ్ళకు చూసింది. మొగలి పొదలు, వాటి కింద గవ్వలు. పాలచెట్లు గాలికి ఒక పక్కకే వంగి పెరిగాయి. దిబ్బ వెనక ఎవరివీ కాని ఆవులు మేస్తూ తలెత్తి చూసి, పనికిరాని మనిషనుకుని మళ్ళీ మేత మొదలుపెట్టాయి. ఆమెకు నవ్వొచ్చింది. దిబ్బ దిగువన ఒక యానాది ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడుతోంది. సముద్రం పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. గుంటలో నీళ్ళు ఊరాయి. యానాదామె దోసిలితో తీసి తాగి, “తాగు తల్లా,” అంది. తీపి నీళ్ళు. హులిగెమ్మ వంకలో చెలమ తోడిన రోజుల నుంచి ఇంత చల్లని నీళ్ళు తాగలేదు.

“ఆ ఎగిరే పడవ నువ్వు తోలుకొచ్చిందే గదా?” అంది యానాదామె.

హులిగెమ్మ దోసిలి అక్కడే ఆగింది. “నేనని ఎట్ల తెలుసు నీకు?”

యానాదామెకు ఆ ప్రశ్న వింతగా తోచింది. “ఎనకాల కూర్చుంది నువ్వే గదా. మా పడవల్లో గూడా గెడ ఏసేది ఎనకుండే మనిషే. ముందర ఉండేది సరుకు.”

హులిగెమ్మ ఇసుకలో కూలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. యానాదామెకు ఎందుకో తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది. కడప జిల్లా జిల్లా అంతా, కర్నూలు గుడారాల్లోని పెద్దలంతా, పత్రికలవాళ్ళంతా చూడలేనిది ఈమె ఇసుక తోడుతూ ఒక్క చూపులో చూసింది. అయితే తప్పు ఎవరిది? జనం ఎద్దులబండిని చూసిన కళ్ళతోనే విమానాన్ని చూశారు, అది తప్పు కాదు, అలవాటు. ఆయన ఆ అలవాటు మీద ఎక్కి కూర్చున్నాడు. తను రెక్క నీడలో కారియర్ పట్టుకుని నిలబడింది. ఆయన చెప్తాడని చూస్తూ ఎందుకు నిలబడింది? తన నోరు ఏమైంది? దిబ్బ మీద నుంచి చూస్తే విమానం అలల పక్కన ఒంటరిగా, రెండు రెక్కలూ చాపుకుని ఉంది. దాన్ని చూస్తూ ఉండగానే ఆమెకు ఏం చేయాలో తెలిసిపోయింది. తెలిసిన తర్వాత ఆకలి వేసింది.

పుల్లయ్య మధ్యాహ్నం దాటాక చెమటతో వచ్చి, రెక్క కింద కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. ఇంకో రెండు ముద్దలు, ఊరిబిండి మిగిలాయి.

“సాయంత్రం జనం శానా వస్తారు,” అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. “నువ్వు దిగేముందే ఆ టోపీ, అద్దాలు తీసి సీటు కింద పెట్టు. నెత్తిన కొంగు కప్పుకో. కారియర్ పట్టుకొని నా ఎనకాల రా. అన్నం పెట్టేకి వచ్చిందని తెలియాల జనానికి.”

“సరే,” అంది హులిగెమ్మ.

మారెన్న లేడు కాబట్టి పంకా తిప్పే పని పుల్లయ్యదే. విమానం పనుల్లో ఆయనకు చక్కగా వచ్చింది ఆ ఒక్కటే, అన్యాయంగా మాట్లాడకూడదు. చక్రాల ముందు దుంగలు పెట్టాడు. ఆమె వెనక సీట్లో కూర్చుని అద్దాలు పెట్టుకుంది. ఆయన పంకా పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు, ఇంజను దగ్గి అందుకుంది. పక్కకు తప్పుకుని, తాడు లాగి దుంగలు తప్పించాడు. తాడు చుట్టుకుంటూ ముందు సీటు ఎక్కడానికి తిరిగాడు.

అప్పుడు ఆమె కారియర్ బయటికి వంచి, మెత్తగా ఇసుక మీద విడిచింది. తిండి పెట్టకుండా పోయిందని రేపు ఎవరూ అనకూడదు. పుల్లయ్య ఎందుకా అని కారియర్ వైపు చూశాడు. ఆ చూపు ఆయన ఎత్తేలోపల విమానం కదిలింది.

ఆయన పరుగెత్తాడు. తడి ఇసుక మీద కొంత బాగానే పరుగెత్తాడు. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మాట మాత్రం ఇంజను మోతలో కలిసిపోయింది. ముందర బరువు లేక విమానం ఎప్పటికంటే ముందే నేల వదిలింది. ఆమె ఒకసారి తిరిగి వచ్చి ఒడ్డు మీదుగా పోయింది. గార్డు పక్కన నిలబడి ఉన్నాడు, పడవ ఉంది, కారియర్ పుల్లయ్య కాళ్ళ దగ్గర ఉంది. సరస్సు దాటితే సూళ్ళూరుపేటలో రైలు దొరుకుతుంది. ఏ లోటూ లేదు. దిబ్బ మీద యానాదామె చెయ్యి ఊపింది.

దారంతా ఆమె తప్పు చేశానా అని ఆలోచించుకోలేదు. రేపు ఏమవుతుందో ఆలోచించుకుంది. అరుస్తాడు. విమానం అమ్మేస్తానంటాడు. ఆలూరు చేను మాట అప్పుడు తీస్తుంది, ఇన్నాళ్ళూ తీయలేదు. అయినా అమ్మితే అమ్మనీ, లైసెన్సు అమ్మలేడు కదా. మద్రాసులో ఆడపిల్లలు నేర్చుకోవడానికి వస్తున్నారని, నేర్పే ఆడమనిషి దొరకడం లేదని దావీదురాజు ఒకసారి అన్నాడు. ఆ మాట అప్పుడు తనకు కాదన్నట్టు విన్నది. ఖాళీ సీటు వైపు పోయే గొట్టం అందుకుని, “ఎత్తుకుంటాండా,” అని చెప్పి ఎత్తుకుంది. “దించుతాండా,” అని చెప్పి దించింది. వెంకటగిరి మీద ఉండగా “దుడ్లు” అని గట్టిగా అరిచింది. ఎవరూ నవ్వలేదు.

కడపలో పొద్దు వాలుతోంది. మైదానం నిండా జనం. పందిరి పక్కన లారీ సిద్ధంగా నిలబడి ఉంది, దాని చుట్టూ పార్టీ గుడ్డలు. గాలి ఎటు వీస్తోందో ఆ గుడ్డలు చూసి తెలుసుకుని ఆమె మెత్తగా దించి ఇంజను ఆపింది. తప్పెట్లు మోగాయి. దేవేంద్రప్ప గజమాల ఎత్తుకుని నలుగురితో ముందు సీటు దగ్గరికి ఉరికాడు. సీటులోకి తొంగి చూశాడు. కింద పడిపోయాడేమో అన్నట్టు రెక్క కింద చూశాడు. తప్పెట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“పుల్లయ్య యాడమ్మా?”

హులిగెమ్మ అద్దాలు నుదుటి మీదికి జరిపి, సీటులో లేచి నిలబడింది. టోపీ తీయలేదు, కొంగు కప్పుకోలేదు.

“రైల్లో వస్తాండాడప్పా. రేపు పొద్దునకు దిగుతాడు.”

“మరి దీన్ని తోలుకొచ్చింది ఎవరు?”

“నేనే. ఇన్నాళ్ళూ నేనే. తోలే మనిషి కూచ్చునేది ఈ ఎనక సీట్లోనే. అనుమానముంటే మద్రాసులో ఎవరినన్నా అడగండి. ఈడ మారెన్నను అడగండి.”

జనం మారెన్న వైపు తిరిగారు. మారెన్న ఇన్నాళ్ళు మోసిన మూట దించినవాడిలా ఊపిరి వదిలి, “నిజమేనప్పా. లేపేది నేను, తోలేది అమ్మ,” అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ముందుకు పాకింది. రాళ్ళేరి ఆ మైదానం చదును చేసిన కూలి ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు.

దేవేంద్రప్ప గజమాల ఏం చేయాలో తెలియక చేతుల మీద మోస్తూ నిలబడ్డాడు. “సరేలేమ్మా, ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుందురు. ముందు దీన్ని లారీ ఎక్కించే ఏర్పాటు…”

“దీని రెక్కలు విప్పేది లేదు,” అంది హులిగెమ్మ. గొంతు పెంచలేదు. “లారీ మింద పెట్టి తిప్పాలంటే పుల్లయ్యనే పెట్టి తిప్పండి. ఆయప్పకు ముందర కూచ్చునేది బాగా అలవాటు.”

కట్టుకున్న మొగుడి పేరు ఆమె నోట ఊరు వినడం అదే మొదలు. నవ్వు ఆగిపోయింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు, ఎందుకంటే సిద్దమ్మ వస్తోంది. కొడుకు కోసం తెచ్చిన హారతి పళ్ళెం చేతిలో ఉంది. ముసలామె విమానం దాకా వచ్చి, ముందు సీటును తడిమి చూసింది. తర్వాత తలెత్తి కోడలిని చూసింది.

“ఇన్నాళ్ళూ వాడు ఈ సీట్లో ఉత్తగా కూచ్చున్నాడా?”

“ఉత్తగానే అత్తా.”

“ఏమీ చెయ్యకుండానే?”

“గొట్టంలో మాట్లాడతాంటాడు.”

సిద్దమ్మ ఆ ముందు సీటు వైపు మళ్ళీ చూసింది. ఆమె ముఖంలో కోపం వస్తోందో, ఏడుపు వస్తోందో జనానికి అంతుపట్టలేదు. హులిగెమ్మకూ అంతుపట్టలేదు, అయినా చూపు దించలేదు.

“పైనుంచి చూస్తే రాయచోటి కనపడతాదా?” అంది సిద్దమ్మ. రాయచోటి ఆమె పుట్టిల్లు. తమ్ముడు చనిపోయినప్పుడు పోయింది, మళ్ళీ ఎవరూ తీసుకుపోలేదు.

“కనపడతాది. మీ ఇల్లు గూడా కనపడతాది. రేపు పొద్దున పోదాం.”

“రేపు వాడొస్తాడు. వాడొస్తే అన్నం పెట్టాల, అరుపులు వినాల,” అంది సిద్దమ్మ. పడమటి కొండల వైపు చూసి, “ఇంకా రొంత వెలుతురుండాది గదమ్మే,” అంది.

హులిగెమ్మ కూడా కొండల వైపు చూసింది. వెలుతురు ఉంది. ఊరి మీద ఒక చుట్టు తిరగడానికి సరిపోతుంది. “మారెన్నా, స్టూలు తీసుకురా,” అంది.

సిద్దమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. వెలుగుతున్న హారతి పళ్ళెం దేవేంద్రప్ప చేతుల్లో పెట్టి, “రొంత పట్టుకోప్పా,” అంది.